ఓర్కో లోయలో క్రాక్ క్లైంబింగ్, పియెమోంటే భోజనం, వైన్: యాత్రను ఎలా ఏర్పాటు చేసుకోవాలి

క్రాక్ క్లైంబింగ్‌లో రాతి పైభాగంలోని పట్టులతో పెద్దగా పని ఉండదు. రాతిలోని చీలికలోకి వేళ్లనో అరచేతినో పిడికిలినో పాదాన్నో దూర్చి, అవి లోపల బిగుసుకునేలా చేసి, ఆ బిగువును నమ్ముకుని పైకి వెళ్లాలి. దీనికోసం చాలామంది అమెరికాలోని యోసెమిటీ వైపు చూస్తారు. అంత దూరం వెళ్లకుండానే, చక్కని చీలికలూ వాటికి దీటైన భోజనమూ ఒకే చోట దొరికే ప్రదేశం ఇటలీ వాయవ్య మూలన ఉంది. రెండు రోజులు వరుసగా చీలికలు ఎక్కితే చేతి వెనుక చర్మం మూడో రోజున విశ్రాంతి కోరుతుంది, ఆ విశ్రాంతి దినాన్ని ద్రాక్షతోటలకు కేటాయించుకోవచ్చు. కాబట్టి ఎక్కే రోజులనూ తినే రోజులనూ విడివిడిగా కాక ఒకే ప్రణాళికగా వేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

ముందుగా ఒక్క లోయను ఎంచుకోండి

పది పన్నెండు రోజుల సెలవులో రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూస్తూ మధ్యలో క్లైంబింగ్ కూడా చేద్దామనుకుంటే రెండూ చెడతాయి. ఒక్క లోయలో మకాం వేసి, అక్కడి రాతికి అలవాటుపడేదాకా ఉండడం మంచిది. నేను సూచించేది ఓర్కో లోయ. ఇది పియెమోంటే ప్రాంతంలో, 1922లో ఏర్పడిన ఇటలీ తొలి జాతీయ ఉద్యానమైన గ్రాన్ పరదీసో దక్షిణపు అంచున ఉంది. టురిన్ నగరం నుంచి లోయ పైభాగాన, సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న చెరెసోలె రెయాలె గ్రామానికి దాదాపు 80 కిలోమీటర్లు. ఆ గ్రామానికీ దాని దిగువనున్న నొవాస్కాకూ మధ్య, రోడ్డు పక్కనుంచే లేచినట్టుండే కపొరాల్, సెర్జెంట్ గోడలు ఈ లోయకు ప్రాణం. అందరూ గ్రానైట్ అని వ్యవహరించినా ఇక్కడి రాయి నిజానికి నైస్ (gneiss) అనే రూపాంతర శిల. గరుకుగా, గట్టిగా ఉండి చీలిక అంచుల్లో విరగకుండా నిలుస్తుంది.

ఈ గోడలకు చిన్న చరిత్ర ఉంది, తెలుసుకుని వెళ్తే రాయిని చూసే చూపే మారుతుంది. శిఖరం చేరడమే పరమార్థమనే పాత ఆల్ప్స్ సంప్రదాయాన్ని కాదని, గోడ ఎక్కడంలోని ఆనందమే చాలని 1970లలో జాన్ పియెరో మొత్తి మొదలైన టురిన్ యువకులు ఇక్కడ మార్గాలు తెరిచారు. ఆ ధోరణికి నువోవో మత్తీనో, అంటే కొత్త ఉదయం, అన్న పేరు స్థిరపడింది. దాదాపు అదే కాలంలో టురిన్‌లో పరిశోధన చేస్తున్న బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త మైకేల్ కోస్టర్‌లిట్జ్ రోడ్డుకు దగ్గరలోని ఒక పెద్ద బండ మీది చీలికను ఎక్కాడు. ఆ చీలికను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయనే 2016లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఒకే తాడు పొడవు మార్గాలు చాలనుకునేవారికి, బహుళ తాళ్ల ఎత్తు గోడలంటే ఇంకా బెరుకున్నవారికి, ఇదే పియెమోంటే ఉత్తర కొసన ఓస్సోలా ప్రాంతంలోని కదరేజె మెరుగు. అక్కడి చీలికలు తీరుగా, ఒకదాని పక్కన ఒకటిగా ఉంటాయి. దొమొదొస్సోలా వరకు మిలన్ నుంచి రైలు ఉంది. కదరేజె దగ్గరే ప్రెమియా వేడినీటి స్నానశాల ఉండడం అలసిన భుజాలకు పెద్ద వరం.

కాలాన్ని నిర్ణయించుకోవడం

ఓర్కో లోయలో మే చివరి నుంచి అక్టోబరు తొలి వారాల వరకు ఎక్కవచ్చు. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వానలు వస్తాయి, దక్షిణ ముఖంగా ఉన్న గోడలు ఎండకు కాగుతాయి, పైగా ఆగస్టులో ఇటలీ వారంతా సెలవుల మీద కొండలకు వస్తారు. భోజనాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే సెప్టెంబరు ద్వితీయార్ధానికి సాటివచ్చే కాలం లేదు. చల్లని గాలిలో చేతికి చెమట పట్టదు, రాయి పట్టు బాగుంటుంది. అడవుల్లో పోర్చీనీ పుట్టగొడుగులు, తోటల్లో ద్రాక్ష కోతలు మొదలవుతాయి. యాత్ర అక్టోబరులోకి సాగితే ఆల్బా పట్టణంలో తెల్ల ట్రఫుల్ (నేల లోపల పెరిగే సువాసన పుట్టగొడుగు) సంత కూడా చూడవచ్చు. అయితే ఆ నెల ముదిరేకొద్దీ పియెమోంటేలో ఎడతెగని వానలు పడే అవకాశం ఎక్కువ, కొండ మీది బసలు కొన్ని మూతపడతాయి. అందువల్ల బస దొరుకుతుందో లేదో ముందే రాసి తెలుసుకున్నాకే విమానం టికెట్ కొనండి.

చేతులను సిద్ధం చేసుకోవడం

యాత్ర బాగోగులను నిర్ణయించేది ఇదే గనుక దీనికి కనీసం మూడు నెలలు ఇవ్వండి. జిమ్ గోడ మీద ఎంత కష్టమైన మార్గాలు ఎక్కేవారైనా, చీలికలో తొలిసారి చెయ్యి పెట్టినప్పుడు కొత్తవారే. అక్కడ వేళ్ల బలం కంటే చేతిని లోపల ఎలా అమర్చారన్నదే ముఖ్యం.

అరచెయ్యి పట్టే చీలికతో మొదలుపెట్టండి. బొటనవేలు పైకి ఉండేలా చేతిని నిలువుగా లోపలికి పోనివ్వండి. నాలుగు వేళ్లను చాచే ఉంచి, బొటనవేలిని అరచేతిలోకి, చిటికెనవేలి మొదలు వైపు గట్టిగా ముడవండి. అప్పుడు బొటనవేలి కింది కండ ఉబ్బి ఒక గోడను నొక్కుతుంది, చేతి వెనుక భాగం ఎదుటి గోడకు ఒత్తుకుంటుంది. చెయ్యి సరిగ్గా బిగుసుకుంటే ముంజేతిని వదులుగా ఉంచి కూడా వేలాడవచ్చు. నొప్పి పుడితే చెయ్యి జారుతోందని అర్థం. ఇంకా గట్టిగా నొక్కడం కాక, తీసి మళ్లీ అమర్చుకోవడమే అక్కడ చేయవలసిన పని. పాదానికైతే మోకాలిని బయటికి తిప్పి, బొటనవేలి వైపు పైకి ఉండేలా బూటు ముందుభాగాన్ని దూర్చి, ఆపైన మోకాలిని చీలిక ఎదుటికి తీసుకురావాలి. ఆ మెలికకే పాదం బిగుసుకుంటుంది, బరువంతా దాని మీద వేసి లేచి నిలబడవచ్చు. కొత్తవారు చేతులనే నమ్ముకుని తొందరగా అలసిపోతారు. చీలిక ఎక్కేది కాళ్లతోనని మొదటి వారంలోనే ఒంటికి అలవాటు చెయ్యండి.

మన ప్రాంతంలో సాధనకు కొంత అవకాశం ఉంది. భువనగిరి కోట బండ మీద శిక్షణ పాఠశాల నడుస్తోంది. 2014లో ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ ఆ బండ మీదనే. అక్కడ నునుపైన వాలు రాతి మీద పాదాలను నమ్మడమూ తాడు పనీ బాగా వస్తాయి గానీ, వరుసగా చేతులు బిగించి ఎక్కే పొడవైన చీలికలు తక్కువ. కర్ణాటకలోని బాదామి ఎర్రరాతి గోడల్లో మంచి చీలికలున్నాయి. అది ఇసుకరాయి కాబట్టి వాన పడిన తర్వాత పూర్తిగా ఆరేదాకా ఎక్కకూడదు. ఈ రెండూ అందుబాటులో లేనివారు రెండు దళసరి చెక్క పలకలను, మధ్యలో చెయ్యి దూరేటంత సందు వదిలి, సమాంతరంగా బోల్టులతో బిగించి, ఇంటి పైకప్పు దూలానికో మేడ మెట్ల కిందో అమర్చుకోవచ్చు. ఇది ఏదో సరిపెట్టుకునే ఉపాయమని అనుకోకండి. 2011లో అమెరికాలోని యూటాలో సెంచురీ క్రాక్ అనే అతి కఠినమైన చీలికను పరికరాలను పట్టుకుని లాక్కోకుండా తొలిసారిగా ఎక్కిన టామ్ రాండల్, పీట్ విటేకర్ దాని కోసం సాధన చేసింది ఇంగ్లండ్‌లో ఒక ఇంటి నేలమాళిగలోని చెక్క చీలికల మీదనే.

సామాను

ఓర్కో సంప్రదాయం ప్రకారం చీలిక పట్టే చోట గోడకు బోల్టులు ఉండవు. పడిపోతే ఆపే క్యామ్‌లను (చీలికలో విచ్చుకుని బిగుసుకునే స్ప్రింగు పరికరాలు), నట్‌లను (సందులో ఇరికించే లోహపు ముక్కలు) ఎక్కేవారే అమర్చుకుంటూ వెళ్లాలి. వేలి సందు నుంచి పిడికిలి సందు వరకు ప్రతి కొలతలో రెండేసి క్యామ్‌లు, ఒక వరుస నట్‌లు, వెడల్పు మార్గాలకు ఒక పెద్ద క్యామ్ సరిపోతాయి. బ్లాక్ డైమండ్ అనే కంపెనీ క్యామ్‌ల కొలతల్లో చెప్పాలంటే 0.3 నుంచి 3 వరకు రెండేసి, 4 ఒకటి. పలుచని చేతులవారికి ఎరుపు రంగు 1, దళసరి చేతులవారికి పసుపు రంగు 2 అరచెయ్యి చక్కగా పట్టే సందును సూచిస్తాయి. అందువల్ల ఇద్దరికి ఒకే మార్గం ఒకే కష్టంగా ఉండదు. మార్గం కష్టాన్ని తెలిపే గ్రేడును చూసి కాక, చీలిక వెడల్పును మీ చేతితో పోల్చుకుని మార్గాన్ని ఎంచుకోండి.

హెల్మెట్ తప్పనిసరి. బూట్లు అడుగు చదునుగా, కాస్త గట్టిగా ఉండి, వేళ్లు చాచుకునేంత వదులుగా ఉండాలి. ముందుకు వంగిన బిగుతు బూట్లు చీలికలో నరకం చూపిస్తాయి. చేతుల కోసం రబ్బరు క్రాక్ గ్లవ్స్, వాటికి తోడుగా మందుల దుకాణంలో దొరికే జింక్ ఆక్సైడ్ టేపు చుట్టలు నాలుగైదు సామానులో పెట్టుకోండి. 70 మీటర్ల తాడు ఒక్కటే నాలుగు కిలోలకు పైబడి తూగుతుంది కాబట్టి బ్యాగేజీ పరిమితిని చూసుకుని, జతగాళ్లిద్దరూ సామానును పంచుకోవాలి. ఇనుప సామానునంతా చెక్‌ఇన్ బ్యాగులోనే వేయండి. గ్యాస్ డబ్బాలను విమానంలో ఏ బ్యాగులోనూ అనుమతించరు, అవసరమైతే అక్కడే కొనుక్కోవాలి.

కాగితాలు, బీమా, కారు

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, రెండు మూడు నెలల ముందే చేయడం మంచిది. వీసా కోసం కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపాలి. ఇక్కడ ఒక మాట ఒత్తి చెప్పాలి. వీసాకు సరిపోయే మామూలు ప్రయాణ బీమాల్లో చాలా వాటికి తాడుతో కొండలెక్కడం వర్తించదు. పాలసీ కాగితంలోని మినహాయింపుల పేజీని మీరే చదివి, రాక్ క్లైంబింగ్‌ను, హెలికాప్టర్ రక్షణ ఖర్చును పేరుపెట్టి చేర్చిన పాలసీనే తీసుకోండి. ఇటలీలో అత్యవసర సంఖ్య 112. కొండల్లో ప్రమాదం జరిగినప్పుడు 112కు చేసిన ఫోనే పర్వత రక్షణ దళానికి చేరుతుంది.

హైదరాబాద్ నుంచి గల్ఫ్ నగరాల మీదుగా మిలన్ మల్పెన్సాకు చేరుకుని అక్కడ కారు అద్దెకు తీసుకోవడం అన్నిటికన్నా సులువు. దీనికి మన ఆర్టీఏ కార్యాలయం ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్‌ను అసలు లైసెన్సుతో కలిపి ఉంచుకోవాలి. టురిన్ వంటి నగరాల నడిబొడ్డున బయటి వాహనాలను కొన్ని వేళల్లో అనుమతించని వీధులుంటాయి. కెమెరా పట్టేస్తే జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది, కాబట్టి కారును అంచున ఆపి ట్రామ్ ఎక్కండి.

రోజులను ఎలా కూర్చుకోవాలి

తొలిరోజు ఏ పెద్ద గోడ జోలికీ పోకండి. ప్రయాణ బడలిక తీరేలా రోడ్డు దగ్గరి బండల మీది చీలికల్లో పైనుంచి తాడు వేసుకుని చేతులను రాతికి పరిచయం చేయండి. కోస్టర్‌లిట్జ్ చీలికకు అదే మంచి రోజు. చిన్నదే అయినా తేలికైనది మాత్రం కాదు. రెండో రోజు తోర్రె ది అయిమోనిన్ లాంటి కాస్త నెమ్మదైన గోడ మీద రెండు మూడు తాళ్ల ఎత్తు ఎక్కి, క్యామ్‌లు అమర్చడం, దిగడం సరిచూసుకోండి. మూడో రోజు విశ్రాంతి. ఆ తర్వాతే సెర్జెంట్, కపొరాల్. సెర్జెంట్ మీది ఫెస్సూరా దెల్లా దిస్పెరాత్సియోనె అనే వెడల్పు చీలిక పేరు వినని క్లైంబర్ ఇటలీలో ఉండడు. వెడల్పు చీలికల అలవాటూ పెద్ద క్యామ్‌లూ లేకుండా దాని మొదట్లో నిలబడవద్దు. స్వయంగా క్యామ్‌లు అమరుస్తూ ముందు ఎక్కిన అనుభవం మీ జట్టులో ఎవరికీ లేకపోతే, తొలి రెండు రోజులకు అంతర్జాతీయ గుర్తింపు పొందిన స్థానిక పర్వత గైడును పెట్టుకోండి. ఈ యాత్రలో ఏ ఖర్చు తగ్గించుకున్నా ఆ ఖర్చు తగ్గించకండి.

రోజు లోపలి వేళలను భోజనశాలలే నిర్ణయిస్తాయి. పల్లెల్లో వంటగది మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు వరకు, మళ్లీ రాత్రి ఏడున్నర నుంచి తొమ్మిది వరకు పనిచేస్తుంది. మధ్యలో వేడి భోజనం అడిగితే దొరకదు. కాబట్టి ఉదయం ఎనిమిదికల్లా గోడ దగ్గర ఉండి, మధ్యాహ్నానికి రొట్టె, తోమా చీజ్, పళ్లు, గ్రిస్సీనీ అనే సన్నని కరకరలాడే రొట్టె పుల్లలు సంచిలో పెట్టుకుని, సాయంత్రం ఐదారు గంటలకు దిగి, స్నానం చేసి రాత్రి భోజనానికి కూర్చోవడం ఈ లోయకు తగిన దినచర్య. పల్లెల్లో దుకాణాలు మధ్యాహ్నం మూసేస్తారు గనుక ఆ సామాను ముందురోజు సాయంత్రమే కొని ఉంచండి. చాలా భోజనశాలలకు వారంలో ఒకటి రెండు రోజులు సెలవు, బల్లను కూడా ఫోన్ చేసి ముందుగా చెప్పి ఉంచాలి.

భోజనం

ఇటలీ అనగానే టమాటా, పిజ్జా తలచుకుంటాం గానీ కొండప్రాంతపు పియెమోంటే వంట వెన్న, చీజ్, మొక్కజొన్న, గుడ్డు, వెల్లుల్లి మీద నడుస్తుంది. ఎక్కి దిగిన శరీరానికి పొలెంతా కొంచాను మించిన తిండి లేదు. మొక్కజొన్న పిండిని మన సంకటిలా గట్టిగా కలియబెట్టి, వేడి మీదనే తోమా చీజ్, వెన్న కలిపితే తీగలు సాగుతూ పళ్లెంలోకి వస్తుంది. ఒక్క పళ్లెంతో మర్నాడు మధ్యాహ్నం దాకా శక్తి నిలుస్తుంది. దిగువ కనవేజె పల్లెల్లో మియాస్సె అనే పలుచని మొక్కజొన్న రేకులను ఇనుప పెనాల మధ్య కాలుస్తారు. మెత్తని కారపు చీజ్ పూసుకుని తినే ఆ రేకులు కనిపిస్తే తప్పక రుచి చూడండి. చలి మొదలయ్యాక బాన్యా కౌదా పెడతారు. ఆలివ్ నూనెలో వెల్లుల్లినీ ఆంకొవీ చేపనూ కరిగేదాకా మగ్గించి, ఆ వేడి పులుసులో కూరగాయ ముక్కలను ముంచుకుని తినడమన్నమాట.

మెనూలో అంతిపాస్తో (ముందు చిరుతిండి), ప్రీమో (పాస్తా, అన్నం లేదా సూపు), సెకోందో (మాంసం లేదా చేప), కొంతోర్నో (పక్కన కూరగాయలు), దోల్చె (తీపి) అని వరుసగా ఉంటాయి. అన్నీ అడగాలన్న నియమమేదీ లేదు, ఒక అంతిపాస్తో, ఒక ప్రీమో తీసుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. బిల్లులో మనిషికి ఇన్ని యూరోలని కొపెర్తో కలుపుతారు. అది రొట్టెకూ బల్లకూ వేసే మామూలు రుసుము, మోసం కాదు.

శాకాహారులు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. సూపులోనూ రిసొత్తో అనే అన్నపు వంటకంలోనూ మాంసపు బ్రోదో, అంటే మాంసం ఉడికించిన నీరు, పోయడం ఇక్కడ మామూలు, మాంసం ముక్క కనిపించనంత మాత్రాన అది శాకాహారం కాదు. పార్మిజానో రెజ్జానో చీజ్ తయారీలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. ఆ పట్టింపు ఉన్నవారు చీజ్ వద్దని ముందే చెప్పాలి. సెన్జా కార్నె అంటే మాంసం లేకుండా, సెన్జా పెష్షె అంటే చేప లేకుండా. గొడ్డుమాంసం, పందిమాంసం తిననివారు మాన్జో (గొడ్డుమాంసం), వితెల్లో (దూడమాంసం), మయాలె (పందిమాంసం) అన్న మూడు మాటలను మెనూలో ముందుగా గుర్తుపట్టాలి. ఈ ప్రాంతపు పేరుమోసిన పాస్తా మడతలైన అన్యొలొత్తి దెల్ ప్లిన్ లోపల ఉండేది మాంసమే. కారం లేనిదే ముద్ద దిగనివారు గట్టిగా మూత బిగించిన ఆవకాయ సీసాను చెక్‌ఇన్ బ్యాగులో తెచ్చుకోవచ్చు గానీ, ఐరోపా కూటమిలోకి బయటి నుంచి పాల పదార్థాలనూ మాంస పదార్థాలనూ అనుమతించరు గనుక నెయ్యిని ఇంటిదగ్గరే వదిలెయ్యండి.

వైన్, విశ్రాంతి దినం

ఎక్కే రోజున వైన్ రాత్రి భోజనంతోనే, అదీ కొద్దిగా. పల్లె భోజనశాలలో హౌస్ వైన్‌ను పావు లీటరు, అర లీటరు కూజాలో ఇస్తారు. ఇద్దరికి పావు లీటరు అడిగితే సరిపోతుంది, పక్కన అంతకు రెండింతల నీళ్లు తాగండి. ఎండలో ఎక్కి నీరు తగ్గిన శరీరానికి మద్యం త్వరగా తలకెక్కుతుంది, మర్నాడు చేతులు తేమగా, తల బరువుగా ఉంటాయి.

తొలి విశ్రాంతి దినానికి లోయ నోటి దగ్గరి కనవేజె చాలు. కలూజో చుట్టుపక్కల పండే ఎర్బలూచె తెల్లవైన్ పులుపు తేలి, తోమా చీజ్‌తో బ్రహ్మాండంగా కుదురుతుంది. క్లైంబర్లు చూసి తీరవలసింది ఇవ్రేయాకు ఉత్తరాన ఉన్న కరెమా. నిట్టనిలువు కొండను మెట్లుమెట్లుగా చెక్కి, ప్రతి మెట్టు మీదా రాతి స్తంభాలు నిలిపి, వాటి మీది పందిళ్లకు నెబ్బియోలో అనే ఎర్రవైన్ ద్రాక్ష తీగలను పాకించారు. పగలంతా ఎండను పీల్చిన ఆ రాతి స్తంభాలు రాత్రి వేడిని విడిచి, చలి ప్రాంతంలో కూడా గుత్తులను పండిస్తాయి. అక్కడి నెబ్బియోలో వైన్, అదే ద్రాక్షతో లాంగె కొండల్లో చేసే బరోలో అంత బరువుగా కాక పలుచగా, సువాసనగా ఉంటుంది. ఓర్కో గోడల కింద రోజంతా గడిపి వచ్చినవారికి ఆ గ్లాసు మరీ నచ్చుతుంది.

రెండు రోజులు వరుసగా విశ్రాంతి దొరికితే దక్షిణాన లాంగె కొండలకు వెళ్లండి. ఈ ద్రాక్షతోటల సీమను యునెస్కో 2014లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. బరోలోను అమ్మకానికి విడుదల చేసేముందు కనీసం 38 నెలలు నిల్వ ఉంచాలన్నది నియమం, అందులో 18 నెలలు చెక్క పీపాలో. బార్బరెస్కోకు 26 నెలలు చాలు. రోజూ తాగేందుకు అక్కడివారు ఎక్కువగా ఎంచుకునేవి బార్బెరా, దొల్చెత్తో. మద్యం అలవాటు పెద్దగా లేనివారికి సుమారు అయిదు శాతమే ఉండే తియ్యని మొస్కాతో దాస్తి బాగుంటుంది. వైన్ తయారీ గృహాలకు చెప్పకుండా వెళ్లకూడదు, ముఖ్యంగా కోతల రోజుల్లో. రెండు మూడు వారాల ముందే ఈమెయిల్ రాసి వేళ తీసుకోండి, రోజుకు రెండు గృహాలకు మించి పెట్టుకోవద్దు. ఇటలీలో డ్రైవర్ రక్తంలో మద్యం లీటరుకు 0.5 గ్రాము దాటకూడదు. 21 ఏళ్లలోపు వారికి, లైసెన్సు పొంది మూడేళ్లు నిండనివారికి ఒక్క చుక్క కూడా పనికిరాదు. రుచి చూసి ఉమ్మివేయడానికి ప్రతిచోటా పాత్ర పెడతారు, దాన్ని వాడడం అమర్యాద కాదు. అన్నిటికన్నా క్షేమం, ఆ రాత్రికి తోట దగ్గరే అగ్రితురిజ్మోలో, అంటే రైతుల అతిథిగృహంలో, బస చేయడం.

తిరుగు ప్రయాణం

చివరి ఎక్కే రోజుకూ విమానానికీ మధ్య ఒక పూర్తి రోజు వదలండి. వాన వల్ల పోగొట్టుకున్న రోజుకు అది బదులవుతుంది. వాన పడకపోతే టురిన్‌లో కపుచ్చీనీ కొండ మీద 1874 నుంచి ఉన్న జాతీయ పర్వత మ్యూజియానికి, ఆ పూట బిచెరిన్ అనే చాక్లెట్ కాఫీకి సరిపోతుంది. మన కస్టమ్స్ నియమాల ప్రకారం పెద్దలు ఒక్కొక్కరు రెండు లీటర్ల వరకు మద్యాన్ని సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. తాడును పొరలుగా పరిచి, సీసాలను దాని నడుమ పెట్టి, చుట్టూ బట్టలు కూరితే పగలవు. క్యామ్‌లను మాత్రం వాటికి తగలకుండా బూట్ల సంచిలో విడిగా కట్టండి.